అడ్డంకి పుట్టించిన ఊరు: పోర్ట్ బైకాల్ కథ

సైబీరియాలో బైకాల్ సరస్సు నైరుతి ఒడ్డు వెంట 102వ కిలోమీటరు, 110వ కిలోమీటరు, 120వ కిలోమీటరు, 149వ కిలోమీటరు అని పిలిచే చోట్లు ఉన్నాయి. వాటికి అసలు పేర్లు లేకపోలేదు. 110 అంటే పొలొవీన్నయా, 120 అంటే మరితూయ్. అయినా అక్కడి వాళ్లు ఎక్కడ దిగాలో, ఎవరి ఇల్లు ఎక్కడుందో అంకెలతోనే చెప్పుకుంటారు. ఇది రైలు లైను లెక్క, ఇర్కుత్స్క్ నగరం దగ్గర మొదలవుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇర్కుత్స్క్ నుంచి 72వ కిలోమీటరు దాకా ఇప్పుడు దారే లేదు. 1956లో ఆ భాగంలో రైళ్లు ఆపేసి పట్టాలు పీకేశారు. పట్టాలు పరిచిన కట్ట అంగారా నది ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ల కింద ఉంది. దారి పోయినా దాని అంకెలు మాత్రం మిగతా 84 కిలోమీటర్ల పొడవునా రాళ్ల మీద అలాగే ఉన్నాయి. ఆ 72వ కిలోమీటరు దగ్గరున్న ఊరే పోర్ట్ బైకాల్.

బైకాల్‌లోకి మూడు వందలకు పైగా నదులు, వాగులు వచ్చి కలుస్తాయి. బయటికి పోయేది ఒక్క అంగారాయే. అది సరస్సును వదిలే చోట, ఎడమ ఒడ్డున ఈ ఊరు ఉంది. జనాభా నాలుగు వందల చిల్లర. ఊరి పేరు పోర్ట్ బైకాల్ అయినా స్టేషన్ బోర్డు మీద ‘బైకాల్’ అనే ఉంటుంది. వెనక నిటారుగా లేచిన కొండలు, ముందు నీళ్లు, మధ్యలో సన్నటి నేల. ఆ నేలలో చాలా భాగం పట్టాలకే పోయింది. అందుకే ఇళ్లు కొండల మధ్య లోయల్లోకి దూరి, అక్కడొక వరస ఇక్కడొక వరసగా ఉంటాయి. ఇక్కడికి సరైన రోడ్డు లేదు. నదికి అవతలి ఒడ్డున, కంటికి కనిపించేంత దూరంలో లిస్త్‌వ్యాంకా ఉంది. దానికి ఇర్కుత్స్క్ నుంచి మంచి రోడ్డు, హోటళ్లు, సంత, ఏడాది పొడవునా వచ్చే యాత్రికులు, అన్నీ ఉన్నాయి. ఇవతలి ఒడ్డు వాళ్లు అక్కడికి వెళ్లాలంటే ఫెర్రీ ఎక్కాలి.

రష్యాలో మామూలు పల్లె పుట్టుక వేరు, రైలు ఊరి పుట్టుక వేరు. పల్లెకు పొలం ఉంటుంది, ఏరు ఉంటుంది, తాతల నాటి చర్చి, శ్మశానం ఉంటాయి. రైలు ఊరు ఎక్కడ ఉండాలో ఇంజను నిర్ణయిస్తుంది. ఆవిరి ఇంజనుకు నీళ్లు పట్టాల్సిన చోట ఒక ట్యాంకు, దాని చుట్టూ పది ఇళ్లు. ఇంజను మార్చాల్సిన చోట ఒక షెడ్డు, దాని చుట్టూ వంద ఇళ్లు. ఒంటి లైను మీద ఎదురెదురు బళ్లు తప్పుకోవడానికి లూప్ లైను వేస్తే, అక్కడ పాయింట్లు మార్చేవాళ్ల కోసం నాలుగు ఇళ్లు. రష్యన్ జనాభా లెక్కల్లో స్టేషను, రజ్యేజ్ద్ అనే క్రాసింగ్ స్టేషను, రైల్వే బ్యారక్, చివరికి లైన్ కాపలావాడి గుమటీ కూడా జనావాసాల్లో ఒక్కో రకంగా నమోదయ్యాయి. నేల మీద ఏ హక్కూ లేకుండా, నెల జీతం మీద, ఒక శాఖ ఇచ్చిన క్వార్టర్లలో బతికే ఊళ్లివి. శాఖకు అవసరం ఉన్నన్నాళ్లే ఊరికి బతుకు.

పోర్ట్ బైకాల్ వీటన్నిటికీ భిన్నంగా పుట్టింది. రైలు ఇక్కడ నీళ్ల కోసమో, ఇంజను మార్చుకోవడానికో ఆగలేదు. ఇక ముందుకు పోయే దారి లేక ఆగింది. ఈ ఊరి చరిత్ర మొత్తాన్ని ఈ ఒక్క సంగతి నుంచే అర్థం చేసుకోవచ్చు. అడ్డంకే దాని ఆస్తి. అడ్డంకిని దాటే మార్గం ఇంజనీర్లు కనిపెట్టిన ప్రతిసారీ ఊరికి ఉన్న పనుల్లో ఒకటి ఊడింది.

1891లో మొదలైన ట్రాన్స్-సైబీరియన్ లైను పడమటి నుంచి 1898 ఆగస్టుకు ఇర్కుత్స్క్ చేరింది. అక్కణ్ణుంచి అంగారా ఎడమ ఒడ్డు పట్టుకుని సరస్సు దాకా పట్టాలు వేయడం పెద్ద కష్టం కాలేదు. ఆ పైన వచ్చిపడింది అసలు సమస్య. 636 కిలోమీటర్ల పొడవున్న సరస్సు దారికి అడ్డంగా పడుకుని ఉంది. దక్షిణపు కొసను చుట్టి పోదామంటే నైరుతి ఒడ్డు అంతా నిలువు కొండలు, కాలు మోపే గట్టు కూడా లేకుండా సరాసరి లోతు నీళ్లలోకి దిగిపోతాయి. ఇర్కుత్స్క్ నుంచి కొండల మీదుగా అడ్డంగా దాటి, సరస్సు నైరుతి కొసనున్న కుల్తుక్ చేరే దారిని కూడా అప్పుడే సర్వే చేశారు. ఎత్తుపల్లాలు ఆనాటి ఇంజన్లకు మించిన పనని పక్కన పెట్టారు. ఆ పక్కన పెట్టిన దారే అర్ధశతాబ్దం తర్వాత ఊరి తలరాత మార్చింది.

అప్పటికి దొరికిన ఉపాయం, రైలునే ఓడ ఎక్కించడం. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ దగ్గరి ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ ‘బైకాల్’ అనే మంచుకోత ఓడను తయారుచేసి, మళ్లీ ముక్కలు ముక్కలుగా విడదీసి పంపింది. ఆ ముక్కలు రైళ్ల మీద, నదీ పడవల మీద సైబీరియా చేరాయి. లిస్త్‌వ్యాంకాలో వాటిని కూర్చి 1899 వేసవిలో నీళ్లలోకి దించారు. నాలుగు పొగగొట్టాలు, కడుపులో మూడు వరసల పట్టాలు, వాటి మీద పాతిక దాకా వ్యాగన్లు. వెనక రెండు ప్రొపెల్లర్లు, ముందు ఒకటి. ముందున్నది మంచు కింది నీటిని లాగేస్తే, ఆసరా పోయిన మంచు ఓడ బరువుకు విరుగుతుంది. అమెరికాలో మిషిగన్ ప్రాంతపు సరస్సుల్లో నడిచే ఫెర్రీలను చూసి నేర్చుకున్న పద్ధతి ఇది. దీనికి తోడుగా ప్రయాణికుల కోసం ‘అంగారా’ అనే చిన్న ఓడ వచ్చింది. 1900లో రాకపోకలు మొదలయ్యాయి. బరాన్చిక్ అని పిలిచే కొండకొమ్ము దగ్గర రేవు కట్టారు, కర్రల వంతెనల మీదుగా వ్యాగన్లు నేరుగా ఓడలోకి దొర్లేలా పట్టాలు కలిపారు. అవతలి రేవు మిసోవాయా, 70 కిలోమీటర్లకు పైగా దూరం. మాస్కో నుంచి పసిఫిక్ దాకా పోయే సరుకంతా, జనమంతా ఈ చిన్న రేవు గుండా పోవలసిందే. నిన్నటిదాకా బెస్తల గుడిసెలు తప్ప ఏమీ లేని ఒడ్డున స్టేషను, గోదాములు, మరమ్మతు షెడ్లు, సిబ్బంది ఇళ్లు లేచాయి.

ఓడకూ హద్దుంది. నడిశీతాకాలంలో సరస్సు మీద మంచు గట్టిపడి మీటరు దాటితే ‘బైకాల్’ ముందుకు పోలేదు. అప్పుడు గుర్రపు స్లెడ్జీలే గతి. శాంతికాలంలో అది సరిపోయింది. 1904 ఫిబ్రవరిలో జపాన్‌తో యుద్ధం వచ్చేసరికి సరస్సు గడ్డకట్టి ఉంది, సైన్యమేమో అవతలికి పోవాలి. రైల్వే మంత్రి ప్రిన్స్ ఖిల్కోవ్ స్వయంగా ఈ ఊరికి వచ్చి కూర్చున్నాడు. కుర్రతనంలో అమెరికా వెళ్లి రైల్వేల్లో కూలి స్థాయి నుంచి పనిచేసిన మనిషి అతను. మంచు మీదే పట్టాలు వేయించాడు. ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డున ఉన్న తన్‌ఖోయ్ దాకా 40 కిలోమీటర్లకు పైగా. పూర్తి ఇంజను బరువును మంచు మోయదు కనుక ఇంజన్లను విప్పి, భాగాలను విడివిడిగా తరలించారు. వ్యాగన్లను ఒక్కొక్కటిగా గుర్రాలతో లాగించారు. మంచు చీలినప్పుడల్లా పట్టాలు పక్కకు జరిపి మళ్లీ వేయాలి. సైనికులు నడిచి దాటారు. సరస్సు నడిమధ్యన, మంచు మీదే, ఒక స్టేషను పెట్టి వెచ్చటి గదులు, వేడి భోజనం ఏర్పాటు చేశారు. దాని పేరు ‘సెరెదినా’, అంటే మధ్య. కొద్ది వారాల్లో 60కి పైగా ఇంజన్లు, 2,000కు పైగా వ్యాగన్లు ఆ దారిన దాటాయని లెక్క.

పోర్ట్ బైకాల్ ప్రాముఖ్యం శిఖరానికి చేరింది ఆ శీతాకాలంలోనే. అది ముగిసిపోవాలని ప్రభుత్వం గట్టిగా తీర్మానించుకున్నది కూడా అప్పుడే. ఒక సామ్రాజ్యం యుద్ధం చేయగలదా లేదా అన్నది ఒక రేవు దగ్గరి మంచు మందాన్ని బట్టి ఉంటే ఏ మంత్రీ నిద్రపోలేడు.

సరస్సు చుట్టూ లైను పని అప్పటికే మొదలై ఉంది. యుద్ధంతో దానికి వేగం వచ్చింది. 1904 శరత్కాలంలో తాత్కాలికంగా బళ్లు నడిపారు, 1905 అక్టోబరు నుంచి పూర్తి స్థాయిలో నడిచాయి. పోర్ట్ బైకాల్ నుంచి కుల్తుక్ దాకా 84 కిలోమీటర్లలో 40కి దగ్గరగా సొరంగాలు, 200కు పైగా వంతెనలు, కొండ జారకుండా ఆపే ఆనుడు గోడలు 250కి పైగా. పొలొవీన్నీ కొమ్ము కింద తొలిచిన సొరంగం ఒక్కటే దాదాపు 780 మీటర్లు. పెద్ద యంత్రాలు లేవు. చేతి ఉలులతో రంధ్రాలు చేసి మందుగుండు కూరడమే. కిలోమీటరుకు ఒక వ్యాగన్ నిండా పేలుడు పదార్థం పట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాతి పనికి ఇటలీ, అల్బేనియాల నుంచి మేస్త్రీలను రప్పించారు. వాళ్లు కట్టిన ఒక గోడను ‘ఇటాలియన్ గోడ’ అనే పిలుస్తారు. రష్యన్లు గర్వంగా ఈ లైనుకు పెట్టుకున్న పేరు ‘ఉక్కు నడికట్టుకు బంగారు బకిల్’. 1911 నుంచి 1914 దాకా రెండో లైను కూడా వేశారు.

ఈ గోడల దగ్గర కాస్త ఆగాలి. పైన కొండ, కింద సరస్సు, మధ్యలో రాతి తాపడం. గోడ అంతటా అడుగడుగునా చిన్న చిన్న తూములు ఉంటాయి. వసంతంలో కొండ మీది మంచు కరిగి నేలలోకి ఇంకుతుంది, ఆ నీటికి దారి లేకపోతే అది రాళ్ల వెనక చేరి, చలికి గడ్డకట్టి ఉబ్బి, గోడను బయటికి తోసేస్తుంది. అందుకని తూములు ఎప్పటికప్పుడు శుభ్రం చేయాలి. వాటికి పైన కొండ ముఖం మీద వదులైన బండలు ఉంటాయి. వాటి సంగతి చూసే పనివాళ్లను అబోర్‌షిక్‌లు అంటారు. నడుముకు తాడు కట్టుకుని కొండ అంచు నుంచి కిందికి వేలాడుతూ, ఇనుప గడ్డపారతో ఒక్కో రాయినీ తట్టి, కదిలేదాన్ని బళ్లు లేని వేళ చూసి కిందికి దొర్లించడం వాళ్ల ఉద్యోగం. లైను పొడవునా కాపలావాళ్లు రాత్రింబగళ్లు లాంతరు పట్టుకుని నడిచేవారు. బ్యారక్‌లు, గుమటీలు అంత దగ్గర దగ్గరగా వెలిసింది ఈ పని కోసమే. నిర్మాణం మహాద్భుతమని పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ లైను నిలిచింది కట్టినవాళ్ల ప్రతిభ ఒక్కదానితోనే కాదు, తూములు తీసినవాళ్ల వల్ల, రాళ్లు తట్టినవాళ్ల వల్ల, వాళ్ల భార్యాబిడ్డలు ఆ ఒంటరి లోయల్లో కాపురాలు చేయడం వల్ల.

లైను పూర్తయ్యాక రేవుకు పని తగ్గింది. ఫెర్రీలు కొంతకాలం అదనపు ఆసరాగా ఉన్నాయి. ‘బైకాల్’ ఓడ 1918లో అంతర్యుద్ధంలో చెకోస్లొవాక్ దళాలు కాల్చిన గుండ్లకు మిసోవాయా రేవులో తగలబడింది. ‘అంగారా’ బతికి బయటపడి, ఇర్కుత్స్క్‌లో మ్యూజియంగా నిలిచింది. ఓడలు పోయినా ఊరు చెక్కు చెదరలేదు, ఎందుకంటే ఇప్పుడు ప్రధాన లైను దాని గుండానే పోతోంది. సుమారు అయిదు దశాబ్దాల పాటు దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి పోయే ప్రతి బండీ ఈ ప్లాట్‌ఫారం ముందు నుంచే పోయింది. సోవియట్ కాలంలో రైల్వే శాఖే ఊరికి అమ్మా నాన్నా. సరుకుల దుకాణం ఓర్స్ అనే రైల్వే సరఫరా విభాగానిది, ఆస్పత్రి రైల్వేది, బడి రైల్వేది, క్లబ్బు రైల్వేది. దుకాణం పెట్టలేనంత చిన్న చోట్లకు రొట్టె, చక్కెర, కిరోసిన్ వేసుకుని దుకాణం బోగీయే వచ్చేది. పనివాడికి పెన్షనూ శాఖదే, పొయ్యిలోకి బొగ్గూ శాఖదే. ఇంత పూర్తిగా ఒకే చేతి మీద ఆధారపడిన బతుకులో భద్రత ఉంది, ప్రమాదమూ ఉంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటే పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు.

ఆ చెయ్యి 1950ల్లో వెనక్కి పోయింది. ఇర్కుత్స్క్ దగ్గర అంగారా మీద జలవిద్యుత్ కేంద్రం కట్టాలని సోవియట్ ప్రభుత్వం నిర్ణయించింది. 1950లో పని మొదలై, 1956 చివర్లో మొదటి టర్బైను తిరిగింది. ఆనకట్ట వెనక నీళ్లు నిలిస్తే నది ఒడ్డు వెంట ఉన్న లైను మునుగుతుంది. అందుకని 1890ల్లో వద్దనుకున్న కొండ దారిని మళ్లీ బయటికి తీశారు. ఇర్కుత్స్క్ నుంచి కొండలు దాటి నేరుగా, కుల్తుక్ పక్కనున్న స్ల్యూద్యాంకా చేరే ఆ లైను మీద 1949లో బళ్లు నడిచాయి. ఎక్కుడు ఎంత తీవ్రమంటే, బరువైన గూడ్సులకు ఇవాళ్టికీ వెనక నుంచి తోసే ఇంజన్లు తగిలిస్తారు. అయినా దారి దగ్గర, ముంపు భయం లేదు, రాళ్లు పడే బాధ తక్కువ. కొత్త ఆనకట్టతో బైకాల్ నీటిమట్టమే ఒక మీటరు దాకా పెరిగింది. అంగారా మొదట్లో ఉన్న షామన్ శిల చాలావరకు మునిగి ఇప్పుడు కొన మాత్రమే పైకి కనిపిస్తుంది. నది వెంట పల్లెలు ఖాళీ అయ్యాయి. పోర్ట్ బైకాల్ మునగలేదు. అటు దారి మునిగింది, ఇటు లైను మిగిలింది, ఊరు ఆ లైనుకు చిట్టచివరి కొసగా మారింది. రెండో లైను పట్టాలు తీసేశారు.

ఇదే లైను మీద ఇంకో కొసన ఉన్న స్ల్యూద్యాంకాను చూస్తే తేడా తెలుస్తుంది. అదీ రైలు పెంచిన ఊరే. పాలరాతితో కట్టిన స్టేషను ఉన్న ఊరిగా రష్యా అంతటా పేరు. కొత్త లైను కూడా అక్కడికే వచ్చి కలిసింది కనుక అది ప్రధాన దారి మీదే మిగిలింది. పట్టణంగా ఎదిగింది, జిల్లా కేంద్రమైంది. పోర్ట్ బైకాల్ ఇప్పుడు ఆ జిల్లాలో ఒక గ్రామ పంచాయతీ లాంటిది. ఒకప్పుడు మంత్రి మకాం వేసిన ఊరి వాళ్లు చిన్న కాగితం కోసం 90 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి స్ల్యూద్యాంకా పోవాలి. రెండు ఊళ్ల జనంలో కష్టపడే గుణంలో తేడా ఏమీ లేదు. గీత ఎక్కడ గీశారన్నదే తేడా.

మధ్యలోని చిన్న చోట్ల పరిస్థితి ఇంకా దయనీయం. మరితూయ్‌లో ఒకప్పుడు పెద్ద స్టేషను, బడి, ఆస్పత్రి ఉండేవి. చెక్కతో అందంగా కట్టిన రైల్వే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, ఉండేవాళ్లు మాత్రం వంద మందైనా లేరు. లైను కాపలా అవసరం తగ్గిన కొద్దీ గుమటీలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి.

పోర్ట్ బైకాల్‌ను ఆ గతి పట్టకుండా కాపాడింది దాని పాత రేవే. 1970ల్లో బైకాల్-అమూర్ అనే మరో రైలు లైను కడుతున్నప్పుడు సరస్సు ఉత్తరపు కొసకు ఇనుము, సిమెంటు, యంత్రాలు చేర్చాలంటే రైలు మీద ఇక్కడిదాకా తెచ్చి, ఓడలకెక్కించి పంపడమే దగ్గర దారి. రైలూ సరస్సూ కలిసే చోటు మళ్లీ అవసరమైంది. ఆ లైను పూర్తయ్యాక ఆ పనీ సన్నగిల్లింది. సరస్సు దాటలేని లైను కోసం పుట్టిన ఊరు మరో లైను కట్టడానికి పనికొచ్చింది, ఆ లైను పూర్తికాగానే మళ్లీ పక్కన పడింది. ఈ ఊరికి వచ్చిన ప్రతి అవకాశమూ ఒక నిర్మాణ కాలానికి సంబంధించినదే. నిలకడగా ఉండే పని ఎప్పుడూ రాలేదు.

ప్రధాన లైనుగా పనికిరాకుండా పోవడమే ఆ రాతి దారిని కాపాడింది. ప్రధాన లైనుగా కొనసాగి ఉంటే కరెంటు తీగల కోసం సొరంగాలు వెడల్పు చేసేవారు, రాతి గోడల మీద కాంక్రీటు పోసేవారు, పాత వంతెనలు మార్చేసేవారు. బళ్లు లేకపోవడం వల్ల 1900ల నాటి పని 1900ల నాటి రూపంలోనే మిగిలింది. 1980ల నుంచి నడక యాత్రికులు, వాస్తుశిల్ప ప్రేమికులు రావడం పెరిగింది. 1996లో బైకాల్ సరస్సు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. లైను శతజయంతి వేళకు స్టేషను భవనం బాగుపడింది. ఇప్పుడు వేసవిలో యాత్రికుల ప్రత్యేక రైళ్లు నడుస్తాయి. అవి గోడల దగ్గర, సొరంగాల దగ్గర ఆగి, ఫొటోలు తీయనిచ్చి, సాయంత్రానికి జనాన్ని ఫెర్రీ ఎక్కించి లిస్త్‌వ్యాంకాకు పంపేస్తాయి. డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేది అక్కడే. ఊరి వాళ్ల చేతికి వచ్చేది పొగబెట్టిన చేపలు అమ్మిన డబ్బు, అద్దెకిచ్చిన గదుల డబ్బు.

ఊరి వాళ్ల బండి వేరే ఉంది. దాన్ని ‘మతాన్యా’ అని ముద్దుగా పిలుస్తారు. ఒక డీజిల్ ఇంజను, కొద్ది బోగీలు, వారంలో కొన్ని రోజులే. స్ల్యూద్యాంకా నుంచి ఇక్కడికి 90 కిలోమీటర్ల పైచిలుకు దూరానికి అయిదారు గంటలు పడుతుంది. ప్రతి కిలోమీటరు చోటా ఆగుతుంది, ఆగిన చోటల్లా బంగాళాదుంపల బస్తాలు, పిండి మూటలు, కుక్కలు, పిల్లలు ఎక్కుతారు, దిగుతారు. మరితూయ్‌లో ఉండే ముసలమ్మకు జ్వరమొస్తే వైద్యానికి వెళ్లే దారి అదే. శీతాకాలంలో, సరస్సు మంచు నమ్మదగినంత గట్టిపడే ముందు, మళ్లీ వసంతంలో అది మెత్తబడుతున్నప్పుడు, ఒడ్డు చోట్లకు వేరే దారే ఉండదు. అంగారా మొదలు మాత్రం ఎంత చలికీ గడ్డకట్టదు. వేలాది బాతులు ఆ నీళ్లలో శీతాకాలం గడుపుతాయి. ఆ తెరిచిన నీరే ఫెర్రీని నడిపిస్తూ పోర్ట్ బైకాల్ వాళ్లకు కొంత ఊపిరి ఇస్తుంది.

2003లో రైల్వే శాఖ స్థానంలో రష్యన్ రైల్వేస్ అనే జాయింట్ స్టాక్ కంపెనీ వచ్చింది. బడి, దుకాణం, నీళ్లు, ఇళ్లు లాంటి బాధ్యతలను రైల్వే వదిలించుకుని స్థానిక పాలనకు అప్పగించడం దేశమంతా జరిగింది. నాలుగు వందల జనం ఉన్న పంచాయతీకి వచ్చే పన్నులెన్ని? అటు కంపెనీ దృష్టిలో సరుకు మోయని ఈ దారి ఖర్చే తప్ప రాబడి లేనిది. గోడలు, సొరంగాలు, తూములు, వదులు రాళ్లు మాత్రం ఏటా పని అడుగుతూనే ఉంటాయి. అక్కడే ఒక చిక్కు ఉంది. లైనును వారసత్వ కట్టడంగా కాపాడాలంటే పనివాళ్లు కావాలి. పనివాళ్లు ఉండాలంటే ఊళ్లు ఉండాలి. ఊళ్లు ఉండాలంటే యాత్రికుల బండి కన్నా మతాన్యా ముఖ్యం, ఎందుకంటే యాత్రికుల బండి జూలైలో వస్తుంది, తూములు మూసుకుపోయేది ఏప్రిల్‌లో. టైంటేబుల్ రాసేవాళ్లు లెక్కలు చూసుకునేటప్పుడు మతాన్యాను నష్టాల పద్దులో వేస్తే అది తప్పుడు లెక్క. దాన్ని గోడల నిర్వహణ ఖర్చులో ఒక భాగంగా చూడాలి, వారానికి కొన్ని రోజులు కాకుండా రోజూ నడపాలి.